ఏడువారాల పిల్లలు

ఆ ఏడాది కోతలు అవగానే బాతులవాళ్ళు వచ్చారు. ప్రతి ఏడూ వస్తారు. వరి కోసిన మళ్ళల్లోకి వేల బాతుల్ని దింపుతారు. అవి రాలిన గింజలూ నత్తలూ తిని, మళ్ళల్లో రెట్ట వేసి పోతాయి. వాళ్ళకి మేత, మనకి ఎరువు. ఆ ఏడు మాత్రం మూడో రోజే మూటలు సర్దుకుని వెళ్ళిపోయారు. కాలవ గట్టు మీద ఓ ఇరవై బాతులు చచ్చి పడున్నాయి. బాతులన్నాక చస్తాయిలే అనుకున్నాం.

మీ అత్త ఫాయ్‌కి అప్పుడు తొమ్మిదేళ్ళు. మీ నాన్న పట్టాళంలో ఉన్నాడు. ఇంట్లో నేను, మీ నానమ్మ లమై, ఫాయ్. అంతే. నెమ్మదిగా రాసుకో, నేనెక్కడికీ పోను.

మా కోడిపెట్టని ధాన్యం లారీ తొక్కేసింది. దాని వెనకాల ఏడు పిల్లలు మిగిలాయి. అరచేతిలో రెండు పట్టేంత పిల్లలు. తల్లి లేనివి బతకవు, కాకులకి వదిలెయ్యమన్నాను. ఫాయ్ వినలేదు. చిరిగిన దోమతెర అట్టపెట్టెలో కుక్కి, వాటిని అందులో పడుకోబెట్టింది. నూకలు నానబెట్టి వేలితో తినిపించింది. ఒక్కటీ చావలేదు.

ఏడు పిల్లలు కాబట్టి ఏడు వారాల పేర్లు పెట్టింది. మన దేశంలో ఒక్కో వారానికి ఒక్కో రంగు ఉందని ఎవరికైనా తెలిసిందే కదా. లమై కుట్టుపని డబ్బాలోంచి దారాలు తీసి, సోమవారం కాలికి పసుపు, మంగళవారానికి గులాబీ, బుధవారానికి ఆకుపచ్చ, ఇలా ఒక్కోదానికి కట్టింది. గురువారం తిండిపోతు. శుక్రవారానికి చీకటంటే భయం, ఫాయ్ గౌను మడతలోనే పడుకునేది. శనివారం కాలు కొంచెం ఈడుస్తుంది, ఎప్పుడూ ఆఖరున వస్తుంది. ఫాయ్ బడికి బయల్దేరితే ఏడూ వరసగా వెనకాల నడిచేవి. కాలవ వంతెన దాకా పోయాక లమై చీపురుతో వెనక్కి తోలుకొచ్చేది.

"చూసుకుని నడువయ్యా, ఆదివారాన్ని తొక్కేస్తున్నావు" అనేది లమై.

"ఈ ఇంట్లో అడుగు వెయ్యాలంటే పంచాంగం చూసుకోవాలే" అనేవాణ్ణి నేను.

నా ప్రాణం మాత్రం తెల్లతోక మీద ఉండేది. పందెం పుంజు. పదకొండు పందేలు ఆడింది, ఒక్కటీ ఓడలేదు. రోజూ నిమ్మగడ్డి వేసి కాచిన నీళ్ళతో దాన్ని తుడిచి, తొడలకి పసుపు పట్టించి, ఎండలో గంప కింద ఆరబెట్టేవాణ్ణి. "నా వీపు ఒక్కనాడైనా ఇలా తోమావా?" అని లమై అడిగితే, "నువ్వు పదకొండు గెలువు, తోముతా" అన్నాను. పందెంలో గొంతులో నెత్తురు అడ్డం పడితే పుంజు ముక్కు నా నోట్లో పెట్టుకుని పీల్చి ఉమ్మేసేవాణ్ణి. పుంజులు పెంచేవాళ్ళం అందరం చేసేదే. అలా చెయ్యనివాడు పుంజుల మనిషి కాదు.

కాలవ అవతల ఊళ్ళో కోళ్ళు చావడం మొదలైంది. సాయంత్రం మేత తిన్నవి తెల్లారేసరికి కాళ్ళు చాపేశాయి. తర్వాత మా ఊరి పెద్ద సానిత్ పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళల్లో కోడి, బాతు, ఏ పిట్టా మిగలకూడదని పైనుంచి మాట వచ్చిందట. జబ్బున్నదీ లేనిదీ అని చూడరట. మంగళవారం పొద్దున్న వచ్చి అన్నీ పట్టుకుపోతారు.

"నీవి ఎన్ని, చమ్రత్?" అన్నాడు.

"ఏడు పిల్లలు, పెద్దాయనా."

"మరి తెల్లతోకో?"

"పోయింది. మొన్న కుక్క పట్టుకుంది." దాని ఈకలు నాలుగు ముందే పీకి ఉంచాను. అవి చూపించాను.

సానిత్ ఈకలు తిప్పి తిప్పి చూశాడు. "ఏ ఊరి కుక్కో గాని మర్యాద తెలిసింది. నెత్తురు అంటకుండా తిన్నది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నాకెందుకులే. రేపు వచ్చేవాళ్ళు నాలాంటోళ్ళు కాదు. దాచినట్టు తేలితే స్టేషన్‌కి తీసుకుపోతారు. ఆ పిల్లలు ఏడూ లెక్కకి సరిపోయేలా చూసుకో. ఒక్కటి తగ్గినా ఇల్లంతా వెతుకుతారు."

ఆ సాయంత్రం లమై నన్ను వదల్లేదు.

"పిల్ల ఏమైపోతుందయ్యా?"

"రెండ్రోజులు ఏడుస్తుంది. ఊరుకుంటుంది."

"పుంజునిచ్చేసి వాటిని దాచు. చిన్న బుట్టలో పడతాయి."

"పిల్లలు కీచుమంటాయే. పుంజుకి కళ్ళకి గుడ్డ కడితే చీకటి పడిందనుకుని మెదలకుండా పడుంటుంది."

దాచడానికి ఏది వీలో అదొక్కటే చూస్తున్నట్టు చెప్పాను. ఆవిడ నా మొహం చూసి లేచి వెళ్ళిపోయింది.

ఫాయ్‌ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. "రేపు డాక్టర్లు వస్తారమ్మా. పిల్లలకి సూది వేసి సాయంత్రానికి ఇచ్చేస్తారు. జబ్బు రాకుండా."

"ఎక్కడ వేస్తారు?"

"తొడకి."

"శనివారానికి తొడేది నాన్నా? పుల్లలా ఉంటే."

"సన్న సూది కూడా ఉంటుందిలే."

"మరి తెల్లతోకకి?"

"దానికి ఇదివరకే వేయించాను. ఎవరైనా అడిగితే కుక్క తినేసిందని చెప్పు. లేకపోతే మళ్ళీ వేస్తారు."

"రెండుసార్లంటే నొప్పే పాపం" అంది. సరేనంది.

మంగళవారం పొద్దున్నే నలుగురు వచ్చారు. తలనుంచి కాళ్ళదాకా తెల్ల ప్లాస్టిక్ బట్టలు, కళ్ళకి అద్దాలు. సానిత్ వెనక నిలబడ్డాడు. ఆ వేషాలు చూసి కోడిపిల్లలు బెదిరిపోయాయి. పెట్టెలోంచి ఎగిరి చెల్లాచెదురుగా పరుగెత్తి, ఏడూ పోయి గాదె కింద దూరాయి. గాదె స్తంభాల మీద ఉంటుంది కదా, దాని కింద కట్టెలు పేర్చి ఉన్నాయి. ఆ కట్టెల సందుల్లోకి దూరిపోయాయి. పైన గాదెలో, ధాన్యం బస్తాల వెనక, బుట్టలో, తెల్లతోక ఉంది.

వాళ్ళలో ఒకతను కర్ర పెట్టి కింద పొడవడం మొదలుపెట్టాడు. ఇంకొకతను నిచ్చెన మీద చెయ్యి వేసి, "పైన ఏముంది?" అన్నాడు.

"ధాన్యం" అన్నాను. తర్వాత ఫాయ్ వైపు తిరిగాను. "వాటిని పిలువమ్మా."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. కుక్ కుక్ కుక్ అని పిలిచింది. గురువారం ముందు బయటికొచ్చింది. తర్వాత సోమవారం, బుధవారం. ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆమె ఒళ్ళో ఎక్కాయి. శనివారం ఆఖరున కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. నిచ్చెన మీద చెయ్యి వేసినతను చెయ్యి తీసేశాడు.

ఫాయ్ ఒక్కోదాన్నీ ఎత్తి తన చేత్తో అందించింది. "గురువారం పొడుస్తుంది, జాగ్రత్త. శుక్రవారానికి చీకటంటే భయం. సంచి మూతి కొంచెం తెరిచి ఉంచండి." అతను ఎరువు సంచి పట్టుకున్నాడు. ఏడోది కూడా లోపలికి వెళ్ళాక అద్దాల్లోంచి నా వైపు చూశాడు. నేను కాలవ వైపు చూశాను. అతను సంచి మూతి తాడుతో బిగించి కట్టాడు.

"పుంజు ఉండాలే మీకు?" అని సానిత్ పక్కనున్నతను ఫాయ్‌ని అడిగాడు.

"కుక్క తినేసింది" అంది.

"ఏ కుక్క?"

"ఎర్రది."

వాళ్ళు వెళ్తుంటే అడిగింది. "మళ్ళీ ఎప్పుడు రావాలి తీసుకుపోవడానికి?"

"మీ నాన్ననడుగమ్మా" అన్నాడు సంచి పట్టుకున్నతను.

సాయంత్రం నేను గాదెలో పుంజుకి ఉడికించిన అన్నం తినిపిస్తున్నాను. ఫాయ్ ప్లాస్టిక్ సంచిలో నానబెట్టిన నూకలు పోసుకుని, పిల్లల్ని తెచ్చుకోవడానికి ఒక్కతే బయల్దేరింది. సంచులన్నీ బడి వెనక మైదానం చివర తవ్విన గోతి దగ్గరికి తీసుకెళ్తున్నారని బడి పిల్లలు చెప్పారట. లమై తెలుసుకుని పరుగెత్తింది గాని అప్పటికే ఆలస్యమైంది. నేను వెళ్ళలేదు. లమై చెప్పిందే నాకు తెలుసు.

ఊరి కోళ్ళన్నీ సంచుల్లోనే ఉన్నాయట. ఒక్కదాన్నీ చంపలేదు, అలాగే గోతిలోకి విసిరారట. యంత్రం మట్టి తోస్తోంది, ఒకతను సున్నం చల్లుతున్నాడు. సంచులు కదులుతున్నాయట. ఏది తనదో ఫాయ్‌కి తెలియలేదు. గోతి ఒడ్డున కూర్చుని పిలిచిందట. అన్ని సంచుల్లోంచీ పలికాయట.

ఇంటికొచ్చి నన్నేమీ అడగలేదు. ఏడవనూ లేదు. నూకలు కడిగి, చాట మీద ఆరబెట్టి, మళ్ళీ డబ్బాలో పోసింది. నేను, "ఆ డాక్టర్లు మోసం చేశారమ్మా" అన్నాను. ఆమె డబ్బా మూత పెడుతూ ఉంది.

తర్వాత ఊరికి ఇరవై ఒక్క రోజుల గడువు పెట్టారు. ఆ ఇరవై ఒక్క రోజుల్లో ఎక్కడా జబ్బు కోడి కనపడకపోతే ఊరికి కొత్త పిల్లల్ని ఇస్తారు. కనపడితే మళ్ళీ ఒకటి నుంచి లెక్క. దుకాణం బూన్‌మా గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీసేది. ఆవిడవి నలభై పెట్టలు పోయాయి. ఊళ్ళో తెల్లారినా కూత లేదు. ముసలివాళ్ళు నిద్ర లేవడం మరిచిపోయి ఎండెక్కాక లేచేవాళ్ళు. గుడ్డు కంటికి కనపడలేదు. కోడి పులుసు మాట ఎవరైనా ఎత్తితే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

నేను లోపల నవ్వుకునేవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, రాయి. ఊరందరివీ పోయి నాది ఒక్కటే మిగిలింది కదా అని నవ్వుకునేవాణ్ణి.

పుంజుని అలా బుట్టలో పడేస్తే కాళ్ళు పట్టేస్తాయి. పందెం మరిచిపోతుంది. పన్నెండో రోజు పొద్దున్నే దాన్ని చేపల బుట్టలో పెట్టి, పైన ఆకులు కప్పి, సైకిల్ మీద కాలవ అవతలికి తీసుకెళ్ళాను. అక్కడ నాలాగే దాచినవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. మూసిన షెడ్డులో మూడు పుంజుల్నీ కాసేపు కొట్టించాం. గెలుపూ ఓటమీ లేదు, ఊరికే ఒళ్ళు వదులవడానికి. వాటిలో ఒక పుంజుకి ముక్కు కారుతోంది. "చలికి" అన్నాడు దాని మనిషి. నేనూ చలికేననుకున్నాను. అలా అనుకోవాలని ఉంది కాబట్టి అనుకున్నాను.

పదిహేనో రోజుకి తెల్లతోక మేత మానేసింది. తల వాచింది, తురాయి నల్లబడింది. గొంతులో గురగురమని చప్పుడు. పందెం కఫమే అనుకుని, ఈక తడిపి గొంతులో తిప్పాను. తగ్గలేదు. ముక్కు నోట్లో పెట్టుకుని పీల్చాను, ఉమ్మాను, మళ్ళీ పీల్చాను. నాకు కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. తల తిప్పితే నిచ్చెన పైమెట్టు మీద ఫాయ్ ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"చచ్చిపోతుందా?" అంది.

"నోర్ముయ్."

"నా వాటికి గొంతుల్లో ఏమీ లేదు నాన్నా. ఆ రోజు పొద్దున్న అన్నిటివీ నోళ్ళు తెరిచి చూశాను. శుభ్రంగా ఉన్నాయి."

చేతిలో ఉన్న కొబ్బరి చిప్ప విసిరాను. నుదుటికి తగిలింది. ఆమె నుదురు పట్టుకుని, మెల్లగా, ఒక్కో మెట్టే దిగింది.

మర్నాడు పొద్దున్న పుంజు మొహం కడగబోయి కళ్ళగుడ్డ విప్పాను. గాదె సందుల్లోంచి ఎండ దాని మొహాన పడింది. చావబోయేది ఎక్కణ్ణించి తెచ్చుకుందో బలం, మెడ చాచి కూసింది. సగం కూతే. గొంతు బొంగురుపోయిన కూత. కానీ పదహారు రోజులుగా కూత లేని ఊరు. ఊరంతా వింది.

నేను కిందికి దిగేసరికి వాకిట్లో పదిమంది ఉన్నారు. సానిత్ ముందున్నాడు. "కుక్క కడుపులో ఇంకా కూస్తోందే చమ్రత్, నీ పుంజు" అన్నాడు. ఇద్దరు పైకెక్కి బుట్ట దింపారు. తెల్లతోక తల ఒరిగిపోయింది, ముక్కులోంచి తీగలా కారుతోంది. బూన్‌మా ఒక్కసారి చూసి నేల మీద కూలబడింది.

"జబ్బే. ఇంకో అయిదు రోజులే ఉన్నాయి దేవుడా, ఇంకో అయిదు రోజులు" అంటోంది.

"ఎవరు దాచారు?" అన్నాడు సానిత్. "స్టేషన్‌వాళ్ళకి నేను పేరు చెప్పాలి."

అందరూ నన్నే చూస్తున్నారు. ఫాయ్ మెట్ల దగ్గర నుదుట గుడ్డ కట్టుకుని నిలబడి ఉంది.

"పిల్ల దాచింది" అన్నాను. "చిన్నపిల్ల. కోళ్ళంటే ప్రాణం దానికి, మీకు తెలుసు కదా. నాక్కూడా తెలీదు. నేనూ ఇప్పుడే చూశాను."

లమై ఇంట్లోంచి బయటికొచ్చింది. నోరు తెరిచింది. నేను ఆవిడ వైపు చూసిన చూపుకి మూసుకుంది. ఇంట్లో మగాణ్ణి స్టేషన్‌కి పంపితే రెండో పంటకి నీళ్ళెవరు పెడతారు, ఆవిడకీ తెలుసు.

సానిత్ ఫాయ్ ముందు కూర్చున్నాడు. "నువ్వే దాచావా తల్లీ?"

ఆమె నా వైపు చూడలేదు. పుంజు వైపు చూసింది. "ఊఁ, నేనే" అంది. "సూది వేస్తారేమోనని."

పాపం పసిపిల్ల అన్నారు కొందరు. తర్వాత ఎవరూ అలా అనలేదు. ఊళ్ళో ఇప్పటికీ ఫాయే దాచిందంటారు. నువ్వూ అదే విని ఉంటావు.

మధ్యాహ్నానికి పుంజు చచ్చింది. సాయంత్రానికి ఆసుపత్రి బండి వచ్చింది. జబ్బు కోడిని ముట్టుకున్నవాళ్ళని పట్నం తీసుకెళ్ళి చూడాలన్నారు. "ఎవరు సాకారు దీన్ని?" అని అడిగితే పదిమందీ ఫాయ్‌ని చూపించారు. ఆ కఫాన్ని నోటితో పీల్చిన నేను పక్కనే నిలబడి ఉన్నాను. చెబితే అబద్ధం బయటపడుతుంది. ఫాయ్‌ని బండెక్కించారు. ఆరు రోజులు అద్దాల గదిలో ఒక్కదాన్నే ఉంచారు. లమై అద్దం ఇవతల కూర్చునేది. రోజూ నెత్తురు తీశారట, రోజూ సూది వేశారట. ఎక్కడ వేస్తారో ముందే అడిగి చెయ్యి చాపేదట.

ఆ ఆరు రోజులూ నేను ఇంట్లో నా నుదురు నేనే పట్టి చూసుకున్నాను. నాకేమీ కాలేదు. ఒక్క తుమ్ము కూడా రాలేదు.

ఫాయ్ బాగానే తిరిగొచ్చింది. కానీ బూన్‌మా గోడ మీది గీతలన్నిటి మీదా సున్నం కొట్టి, మళ్ళీ ఒకటి గీసింది. ఫాయ్ ఉప్పుకి వెళ్తే, "నీ కోళ్ళు పోయాయని ఊరి కోళ్ళు రాకుండా చేశావు కదే" అంది. బడిలో పిల్లలు ఆమె బెంచీ మీద సున్నం చల్లారు. లమై రోజూ పొద్దున్నే అనేది, "ఇవాళ వెళ్ళి సానిత్‌కి చెప్పు." "వేడి చల్లారనీ" అనేవాణ్ణి. వేడి చల్లారాక, "ఇప్పుడెందుకు మళ్ళీ రేపడం" అన్నాను. ఆ తర్వాత ఆవిడ అడగలేదు. నాతో అవసరానికి మించి మాట్లాడనూ లేదు.

ఎండలు ముదిరాక, రెండోసారి ఇరవై ఒక్క రోజులు నిండాయి. బడి మైదానానికి బండి వచ్చింది. అట్టపెట్టెల్లో బొక్కలు చేసి పిల్లల్ని తెచ్చారు. ఊరు ఊరంతా పండగలా వచ్చింది. సానిత్ పేర్లు పిలుస్తున్నాడు, ఇంటికి రెండేసి పిల్లలు. పిల్లకాయలు వాటిని చెంపలకి ఆనించుకుంటున్నారు. ఫాయ్ నా పక్కన నిలబడి ఉంది.

బూన్‌మా వెనక నుంచి గట్టిగా అంది. "ఆ పిల్లని దేన్నీ ముట్టనివ్వకండి. ఆ చెయ్యి తగిలితే మళ్ళీ మొదటికొస్తుంది."

"అవునవును" అన్నారు ఇద్దరు ముగ్గురు.

ఫాయ్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదాంతో పట్టుకుంది.

ఎవరి చేతిలోంచో ఒక పిల్ల జారి కిందపడింది. జనం కాళ్ళ మధ్యనుంచి పరుగెత్తుకుంటూ వచ్చి ఫాయ్ పాదం మీద ఎక్కి కూర్చుంది. కీచుమంటోంది. ఫాయ్ వంగలేదు. కింద చూడలేదు కూడా. ఎవరో వచ్చి తీసుకునేదాకా కాలు కదపకుండా అలాగే నిలబడింది.

సానిత్ చదవడం ఆపి నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. మర్యాద తెలిసిన కుక్క సంగతి అతనికి మొదటినుంచీ తెలుసు. నేను నోరు విప్పితే వినడానికే ఆగాడు. ఒక్క మాట చాలు. "దాచింది పిల్ల కాదు, నేను" అంటే అయిపోతుంది.

"చమ్రత్, నీ రెండూ తీసుకో" అన్నాడు చివరికి.

వెళ్ళి తీసుకున్నాను. ఇంటికి నడిచాను. ఫాయ్ నా వెనకాలే వచ్చింది, చేతులు వెనక్కి పెట్టుకునే. ఇంటికొచ్చాక కూడా వాటిని ముందుకి తియ్యలేదు. లమై అన్నం పెట్టింది. పిల్ల పళ్ళెం ముందు కూర్చుంది గాని చెంచా పట్టుకోలేదు. లమై నా మొహం చూసింది, చెంచా తీసుకుని తనే తినిపించడం మొదలుపెట్టింది. పిల్ల నోరు తెరుస్తోంది, మింగుతోంది.

నేను ఎదురుగా కూర్చుని తిన్నాను. చేప పులుసు బాగుందని కూడా అన్నాను.